బొడ్రాయి కింది మన్ను

రాకేశ్ నోరు కాస్త అదుపులో ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినవాడు తల్లి చేతి వంట తిని, చుట్టాల ఇళ్ళు తిరిగి, కుదిరితే ఒక పెళ్ళిసంబంధం చూసుకుని వెళ్ళాలి. కల్లు మండువలో కూర్చుని సముద్రం లోతుల గురించి ఉపన్యాసం ఇవ్వమని వాణ్ణి ఎవరడిగారు? అయినా ఇచ్చాడు. వీపుకు సిలిండర్ కట్టుకుని ఓడల అడుగుకు పోయి నాచు గీకడం తన పని అని, అరవై డెబ్బై అడుగుల లోతు తనకు వాకిలి ఊడ్చినంత తేలిక అని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. పర్యాటకుల పడవ మీద సిలిండర్లు కడిగే పనికి పోయి, ఒక కేరళ మాస్టారు దయవల్ల డైవింగ్ నేర్చుకుని, ఇప్పుడు ఓడల కంపెనీలో కుదురుకున్నాడు. నిజమే చెప్పాడు గానీ వినేవాళ్ళలో పర్శరాములు ఉన్నాడని చూసుకోలేదు.

పర్శరాములు కాలనీకి పెద్దమనిషి. గోదావరి మీద ప్రాజెక్టు కట్టి చింతలరేవు మునిగినప్పుడు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఆయనే, ఊరిని ఎత్తి తెచ్చి మంచిర్యాల రోడ్డు పక్కన కాలనీగా దించిందీ ఆయనే. ఇళ్ళు లేచాయి, నల్లాలు వచ్చాయి, గుడి కూడా వచ్చింది. బొడ్రాయి మాత్రం రాలేదు. ఊరి నడిమధ్య పాతిన ఆ రాయే ఊరికి బొడ్డు అనీ, అది లేకపోతే ఇళ్ళు ఎన్ని ఉన్నా ఊరు కాదనీ అందరికీ తెలుసు. కానీ ఖాళీ చేయాల్సిన ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి, నీళ్ళు ఎవరినీ అడక్కుండా వచ్చేశాయి. గొడ్లు, తలుపులు, పెంకులు, కడకు పొయ్యిరాళ్ళు కూడా తెచ్చుకున్న జనం, బొడ్రాయిని రేపు తీద్దాం ఎల్లుండి తీద్దాం అనుకుంటూ గంగపాలు చేశారు. తప్పు ఊరందరిదీ కావడంతో ఎవరూ దాన్ని తమ ఇంటికి తీసుకుపోలేదు.

ఆ తర్వాత కాలనీలో ఏ కీడు జరిగినా జనం చూపు నీళ్ళవైపే పోయేది. బర్రె చచ్చినా అదే, బోరు ఎండినా అదే, దుబాయి పోయినవాడు వీసా చెడి తిరిగొచ్చినా అదే. చివరికి కుమార్ పోయాడు. లింగవ్వకు ఒక్కగానొక్క కొడుకు, రాకేశ్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాడు. కాలనీ ముందరి పెద్ద రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. భార్య రమనూ, ఐదేళ్ళు నిండని కూతురు సృజననూ తల్లి చేతుల్లో పెట్టి పోయాడు. దినాలు కాగానే లింగవ్వ ఊరి పెద్దల ముందు నిలబడి, ఇది బొడ్డు లేని ఊరు, నా కొడుకుతోనే ఆగదు, ఇంకెవరి కొడుకు కోసం చూస్తున్నారు అని అడిగింది.

అలా మాఘమాసంలో కొత్త బొడ్రాయి పాతాలని నిర్ణయమైంది. అయితే వట్టి రాయి పాతితే సరిపోదనీ, పాత రాయి కింది మన్ను తెచ్చి కొత్త గుంతలో పోస్తేనే ఊరి ప్రాణం ఇక్కడికి వస్తుందనీ పెద్దలు తేల్చారు. ఆ మన్ను ముప్పై అడుగుల నీళ్ళ కింద ఉంది. ఎవరు తెస్తారు, ఎట్లా తెస్తారు అని తలలు పట్టుకున్న సమయంలోనే మన వీరుడు మండువలో కూర్చుని నోరు తెరిచాడు.

రాకేశ్ వెంటనే ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే పొంగిపోయాడు కూడా. కరీంనగర్‌లో ప్రాజెక్టు గేట్ల పనులు చేయించే ఒక కాంట్రాక్టర్ దగ్గర సిలిండరూ మిగతా సరంజామా అడిగి తెచ్చాడు. చేపలు పట్టే హనుమండ్లు తన పడవ ఇస్తానన్నాడు. వలలు చిక్కుకుని చిక్కుకుని, నీళ్ళ కింద ఏ గోడ ఎక్కడుందో హనుమండ్లుకు ఒక లెక్క ఉంది. ఇక్కడ మీ ఇల్లు, అక్కడ పోచమ్మ, అదిగో ఆ తూర్పుకు బడి దిబ్బ, అది ఎత్తు కాబట్టి అక్కడ నీళ్ళు లోతుండవు అని పడవలో తిప్పి చూపించాడు. అన్నీ సవ్యంగానే కుదిరాయి. చెడగొట్టింది మర్యాద.

పాత ఊళ్ళో చెరువు తూము ఇరుక్కుపోతే నీళ్ళలో మునిగి దాన్ని తీసేవాణ్ణి నీరటి అనేవాళ్ళు. మునిగే ముందు రోజు ఆ నీరటిని ఇంటింటికీ తిప్పి, గడపకో బిందె చొప్పున నెత్తి మీద నీళ్ళు పోసేవాళ్ళు. ఊరు తడిపి పంపిన మనిషిని గంగమ్మ పట్టుకోదని నమ్మకం. తూములూ పోయాయి, నీరటీలూ పోయారు గానీ పర్శరాములు జ్ఞాపకశక్తి పోలేదు. గంగలోకి పోయే మనిషి ఇన్నేళ్ళకు దొరికితే తడపకుండా పంపుతామా అన్నాడు.

మాఘమాసం పొద్దున, పొగమంచు ఇంకా విడవక ముందే డప్పులు మొదలయ్యాయి. పసుపు నీళ్ళు, వేపమండలు, రాకేశ్ మెడలో దండలు. బొడ్రాయి పండుగకని పెళ్ళయి పోయిన ఆడబిడ్డలంతా పిల్లాజెల్లలతో దిగారు. ఆసిఫాబాద్ నుంచి, చెన్నూరు నుంచి, జగిత్యాల నుంచి వచ్చిన వాళ్ళు తమ చేత్తో పోస్తామంటే తమ చేత్తో పోస్తామని ఎగబడ్డారు. రాకేశ్ తల్లి లస్మవ్వ కొడుకు వెనకాలే నడుస్తూ, ఎవరైనా పోయడం మరిచిపోతారేమోనని ఒక్కో గడపా జాగ్రత్తగా చూసుకుంది. వాడు పళ్ళు టకటక కొట్టుకుంటూనే నవ్వుతూ తిరిగాడు. లింగవ్వ ఇంటి ముందు మాత్రం డప్పు ఆపమన్నారు. ఆమె నీళ్ళు పోసి, తడిసిన తల మీద అరచెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటే బాగుండునని రాకేశ్‌కు అనిపించింది, ఎప్పుడు తీస్తుందా అని కూడా అనిపించింది.

మధ్యాహ్నానికి తుమ్ములు, సాయంత్రానికి ముక్కు పూర్తిగా బిగుసుకుపోయింది.

జలుబుతో నీళ్ళలోకి దిగకూడదని డైవర్లకు మొట్టమొదట నేర్పుతారు. ముక్కు వెనకనుంచి చెవి లోపలికి ఒక సన్నని దారి ఉంటుంది. కిందికి దిగుతున్నకొద్దీ నీళ్ళు చెవి పొరను బయటినుంచి నొక్కుతాయి. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే ఆ దారి గుండా కొంచెం గాలి లోపలికి చేరి, లోపలా బయటా ఒత్తిడి సమానమవుతుంది, నొప్పి ఉండదు. జలుబు చేస్తే ఆ దారే వాచి మూసుకుపోతుంది. చెవిని తలుపు అనుకుని తన్ని తెరవాలని చూడకు, తెరుచుకోకపోతే నువ్వే పైకి వచ్చెయ్ అని కేరళ మాస్టారు మొదటి రోజే చెప్పాడు. రాకేశ్ తన కింద కొత్తగా చేరిన పిల్లలకు ఈ మాట ఎన్నిసార్లు అప్పజెప్పాడో.

అందుకే పర్శరాములు దగ్గరికి పోయాడు.

“కాకా, నాకు జలుబైంది. జలుబుతోని దిగితే చెవి ఖరాబైతది. ఓ వారం ఆగుదాం.”

పర్శరాములు వాణ్ణి పక్కకు తీసుకుపోయి వేసిన షామియానాలు చూపించాడు. దిగిన ఆడబిడ్డలను చూపించాడు. రేపు ఊరంతా ఒక్కపొద్దుంటుందనీ, వాడు మన్ను తెచ్చేదాకా పసిపిల్లలు తప్ప ఎవరూ మెతుకు ముట్టరనీ చెప్పాడు. ఎల్లుండి పొద్దున పాతడానికి ముహూర్తం. ఆయన గొంతులో కోపం లేదు, అదే ఇబ్బంది. “జర ఓర్సుకో బిడ్డా,” అన్నాడు. “నువ్వు దిగనంటే గా లింగవ్వకు నేనేం జెప్పాలె?”

అక్కడ కాదనాలి. గట్టిగా కాదంటే పర్శరాములు తిట్టేవాడు, లస్మవ్వ ఏడ్చేది, మండువలో నాలుగు రోజులు నవ్వుకునేవాళ్ళు, అంతే. కానీ రాకేశ్‌కు పొద్దున మెడలో వేసిన దండలు గుర్తొచ్చాయి, తన నోటితో తాను చెప్పుకున్న అరవై డెబ్బై అడుగులు గుర్తొచ్చాయి. చూద్దాం అన్నాడు. ఇంటికొస్తే తల్లి ఎల్లిగడ్డ వేసి నూనె వెచ్చబెట్టి చెవిలో పోస్తానని కూర్చుంది. నూనె వద్దని బతిమాలి ఆవిరి పట్టుకున్నాడు. పొద్దునకు ఒక ముక్కురంధ్రం కొంచెం వదిలింది. దాన్ని పట్టుకునే ధైర్యం చెప్పుకున్నాడు.

ఒడ్డంతా జనం. వాళ్ళను ఒడ్డునే ఉంచి, హనుమండ్లు రాకేశ్‌ను ఒక్కణ్ణే పడవలో తీసుకుపోయాడు. తన లెక్క ప్రకారం బొడ్రాయి ఉన్న చోట తాడుకు బండ కట్టి జారవిడిచాడు. ఈ తాడు పట్టుకుని పోతే సీదా నడి ఊర్లో దిగుతావన్నాడు. రాకేశ్ మాస్కు సరిచేసుకుని, నడుముకు గుడ్డసంచి కట్టుకుని నీళ్ళలోకి జారాడు.

కాళ్ళు కిందికి, తల పైకి. ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాడు. కుడిచెవి కిచ్చుమని తెరుచుకుంది. ఎడమది కదల్లేదు. ఇంకో బార కిందికి జరిగాడు. నొప్పి మొదలైంది, చెవిలో ఎవరో పెన్సిల్ మొన పెట్టి ఓపికగా తోస్తున్నట్టు. ఆగాడు. గుటక వేశాడు. దవడ అటూ ఇటూ ఆడించాడు. తల కుడిభుజం మీదికి వంచి, ఎడమ మెడ సాగదీసి మళ్ళీ ఊదాడు. కదల్లేదు. నియమం ప్రకారం కొంచెం పైకి పోయి, నొప్పి తగ్గాక మళ్ళీ దిగాడు. అదే చోట అదే నొప్పి. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. ఎన్నిసార్లు చేసినా ఆ ఎడమచెవి పట్టిన పట్టు విడవలేదు. విసుగొచ్చి, భయమొచ్చి, ఒక్కసారి గట్టిగా ఊదాడు. పిల్లలకు ఎప్పుడూ చేయొద్దని చెప్పే పని అది. తలలో ఏదో చిట్లినట్టు మెరిసింది, ముక్కులోనుంచి వెచ్చగా ఏదో కారింది.

తాడు కాళ్ళ కిందనుంచి ఆకుపచ్చ చీకట్లోకి దిగిపోతూ ఉంది. దాని చివరన బొడ్రాయి ఉంది. వాడు పోలేడు. ఎన్ని దండలు వేసినా పోలేడు. పైకి పోతే ఒడ్డున కడుపు మాడ్చుకున్న ఊరుంది, ముందు వరసలో లింగవ్వ ఉంది. ఖాళీ సంచీతో ఆమె ముందుకు ఎట్లా పోవడం? ఆ క్షణంలోనే హనుమండ్లు చూపించిన బడి దిబ్బ మతికొచ్చింది. తాడు వదిలి, నొప్పి పుట్టని లోతులోనే తూర్పుకు ఈదాడు. కాసేపటికి మసకలో నల్లగా ఒక గుట్ట, దాని మీద పడిపోయిన స్లాబు ముక్క కనిపించాయి. తానూ కుమారూ గోటీలాడిన చోటు. వంగి రెండు చేతులా బురద తీసి సంచీ నింపాడు. ఇది కూడా మన ఊరి మన్నే కదా అనుకున్నాడు. అనుకుంటున్నప్పుడే ఆ మాట తనకే నచ్చలేదు, అయినా సంచీ మూతి బిగించాడు.

తాడు దగ్గరికి తిరిగొచ్చి పైకి తేలేసరికి మాస్కులో రక్తం ఉంది. పడవ ఒడ్డు చేరగానే ముందు దాన్నే చూశారు జనం. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. గంగమ్మ తన పాలు తాను తీసుకుని మన్ను ఇచ్చిందని ఎవరో అన్నారు, అంతే, అది ఊరంతా అయింది. డప్పులు మోగాయి. లస్మవ్వ కొంగుతో కొడుకు ముక్కు తుడుస్తూ ఏడ్చింది. పర్శరాములు ఆ బురద సంచీని కళ్ళకద్దుకున్నాడు. రాకేశ్‌కు ఎడమచెవి మూసుకుపోయి సగం మాటలు వినబడలేదు. వినబడిన సగమే చాలనిపించింది.

మన్నును ఇత్తడి చెంబులోకి మార్చి ముందుగా లింగవ్వ దగ్గరికి తెచ్చారు, అడిగింది ఆమే కాబట్టి. ఆమె చెంబువైపు చూడలేదు. రాకేశ్ ముఖంలోకి చూసింది.

“రాయి నిలవడే ఉన్నదా బిడ్డా?”

ఊరంతా ఆగి వింటోంది. చూడలేదు పెద్దవ్వా అని రెండు మాటలు. నాలుక మీదికి రాలేదు.

“నిలవడే ఉన్నది పెద్దవ్వా.”

లింగవ్వ ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు కూడా కళ్ళు తడవని మనిషి ఆమె, దినాల నాడు చుట్టాలు దాని గురించి చెవులు కొరుక్కున్నారు కూడా. ఇప్పుడు చెంబు పట్టుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. కొంచెం మన్ను చిటికెతో తీసి కొంగున ముడి వేసుకుంది. సాయంత్రానికి ఆ మన్ను ఒక రాగి తాయెత్తులో చేరి సృజన మెడలో ఉంది.

మర్నాడు బొడ్రాయి పాతారు. చెంబులోని మన్ను గుంతలో పోసి, పైన రాయి నిలబెట్టి, చుట్టూ సిమెంటు గద్దె కట్టారు. ఇక ఎవరు ఏమన్నా ఆ మన్ను బయటికి రాదు. రాకేశ్ ప్రతి తాపీ సిమెంటునూ చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు, ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకుంటూ గద్దె ఆరేదాకా నిలబడ్డాడు. విస్తళ్ళు వేశాక మొదటి విస్తరి వాడికే పెట్టారు. పెద్దవాళ్ళను వదిలి నాకెందుకని అంటే, చూశారా వాడి అణకువ అని మురిసిపోయారు.

మంచిర్యాలలో చెవి డాక్టరు చూసి, పొర ఎర్రగా కందిపోయింది, చిల్లి పడకపోవడం నీ అదృష్టం, నెలరోజులు నీళ్ళ జోలికి పోవద్దన్నాడు. మందులు రాశాడు. ఆ నెల రాకేశ్‌కు ఎడమచెవిలో బయటి మాటలు తక్కువగా, తన గొంతు ఎక్కువగా వినబడేది. బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు ఉండేది. నోరు తెరిస్తే చాలు, నిలవడే ఉన్నది పెద్దవ్వా అన్న గొంతే తిరిగి తిరిగి వచ్చినట్టుండేది. మాట్లాడడం తగ్గించాడు. అదీ భక్తే అనుకున్నారు జనం. మండువలో వాడికి ఎవరూ కల్లు పోయడం లేదు, గంగమ్మ తాకిన మనిషికి కల్లేమిటని. పెళ్ళిసంబంధం ఒకటి తనంతట తాను నడిచొచ్చింది. లస్మవ్వ పొద్దస్తమానం అందరికీ కొడుకు కథ చెప్పేది. చెప్పినకొద్దీ లోతు పెరుగుతూ పోయింది. రాకేశ్ ఆ మాటలు వినలేక బయటికి పోయేవాడు. బయటికి పోతే బొడ్రాయి కనిపించేది, దాని మీద ఆ పొద్దున పోసిన నీళ్ళు, పెట్టిన పసుపు.

ఎక్కువగా నీళ్ళ వైపు పోయేవాడు. ఒకరోజు హనుమండ్లు ఒడ్డున వల బాగు చేసుకుంటూ, తల ఎత్తకుండానే, “మొన్న నీ బుడగలు బడి దిక్కు పోయినయ్,” అన్నాడు.

రాకేశ్ వల పక్కన కూర్చున్నాడు. చూశావా మామా అని అడిగాడు. నీళ్ళ మీద కూర్చున్నవాడికి నీళ్ళు కాక ఇంకేం కనిపిస్తాయన్నాడు హనుమండ్లు. మరి ఎవరికీ చెప్పలేదేమని అడిగితే, “నన్నెవ్వలు అడగలే,” అని వల దులిపాడు. కాసేపటికి, అడిగి ఉంటే తాను కూడా అబద్ధమే ఆడేవాణ్ణేమో, అదొక్కటే రెండు రోజులుగా బాగా అనిపించడం లేదన్నాడు. తన మూలంగా ఇంకో మనిషి కూడా మింగలేక కక్కలేక ఉన్నాడని అప్పుడు తెలిసింది రాకేశ్‌కు.

సెలవు అయిపోవడానికి కొద్దిరోజుల ముందు డాక్టరు చెవి చూసి బాగుందన్నాడు. రాకేశ్ ఎవరికీ చెప్పకుండా కరీంనగర్ పోయి సిలిండర్ మళ్ళీ తెచ్చాడు. ఎండ కాస్త వాలాక హనుమండ్లు పడవ తీశాడు. ఈసారి డప్పుల్లేవు, దండల్లేవు, నెత్తి మీద నీళ్ళు పోసేవాళ్ళు లేరు.

నీళ్ళలోకి దిగకముందే, పడవ అంచున కూర్చుని ఒకసారి మెల్లగా ఊదుకున్నాడు. రెండు చెవులూ కిచ్చుమన్నాయి. తాడు పట్టుకుని, తల పైకెత్తి, ఒక్కో బార దిగాడు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ముందే ఊదుతూ, గుటక వేస్తూ, ఎడమచెవి కాస్త వెనకబడితే దానికోసం నిలబడుతూ పోయాడు. తొందర లేకపోతే ఎంత సుళువో. మొన్న ఆగిపోయిన చోటు ఏదో తెలియకుండానే దాటిపోయింది. నీళ్ళు చల్లబడ్డాయి, చీకటి చిక్కబడింది. కాళ్ళకు మెత్తగా నేల తగిలింది. టార్చి వేస్తే బురద పొగలా లేచింది. అది తేరుకునేదాకా కదలకుండా ఉన్నాడు.

బొడ్రాయి అక్కడే ఉంది. నిలబడి లేదు. ఒక పక్కకు ఒరిగి, మీద తెగిన వల ముక్క చుట్టుకుని ఉంది. రాకేశ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ వల విప్పాడు. రాయిని నిలబెట్టాలని రెండు చేతులా నెట్టాడు, కదల్లేదు. ఒరిగిన వైపు, రాయి కింద సందులోనుంచి పిడికెడు మన్ను తీసి సంచీలో వేశాడు. ఇదే పని మొన్న ఒక్క వారం ఆగి చేసి ఉంటే, అనుకున్నాడు. నీళ్ళ కింద ఏడిస్తే మాస్కు మసకబారుతుందని కూడా ఆ రోజే తెలిసింది.

ఆ మన్ను తీసుకుని ఎవరి దగ్గరికి పోవాలన్నది ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఊరందరూ మన్ను అడిగారు గానీ, రాయి ఎట్లా ఉందని అడిగింది ఒక్కరే. అబద్ధం ఆడింది ఆ ఒక్కరితోనే. పైగా పిల్ల మెడలో తాయెత్తు ఉంది. సిమెంటు కిందిది మార్చలేకపోయినా, అదైనా మార్చొచ్చు.

లింగవ్వ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. రమ కార్ఖానాకు పోయింది, పిల్ల ఇంకా బడినుంచి రాలేదు. రాకేశ్‌ను చూసి ఆమె ముఖం విప్పారింది. కూర్చోమంది, చాయ్ పెడతానంది. ఇప్పుడిప్పుడే కాస్త ఒళ్ళు చేసినట్టు, కళ్ళ కింది నలుపు తగ్గినట్టు కనిపించింది. అది గమనించి కూడా వాడు ఆగలేదు. చాయ్ వద్దని కింద కూర్చుని, జలుబు దగ్గరినుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. చెవి తెరుచుకోకపోవడం, బడి దిబ్బ, తాను ఆడిన మాట, ఈ రోజు చూసిన ఒరిగిన రాయి. చెబుతున్నకొద్దీ ఛాతీలో పట్టు వదులుతూ వచ్చింది. చివర సంచీ విప్పి ఆమె ముందు పెట్టి, “గిది అసలు మన్ను పెద్దవ్వా. పొల్ల మెడల గిది కట్టు,” అన్నాడు.

లింగవ్వ చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, చాటలో పెట్టింది. ఇంకో ఆకు తీసుకోలేదు.

“పొల్ల మెడల ఉన్నది బడి మన్నా?”

“అవ్ పెద్దవ్వా.”

“గద్దె కింద?”

“అదే.”

తిడుతుందని రాకేశ్ ఎదురుచూశాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

“కుమార్ పోయినకాడికెల్లి, రోడ్డు మీద బండి సప్పుడైతే నా పాణం పోయేది,” అంది. “పొల్ల బస్సెక్కేదాక రోడ్డు కాడనే నిలవడేదాన్ని. అది వచ్చే యాళ్ళకు మళ్ళ పోయి నిలవడేదాన్ని. నడుమ ఇంట్లకు రాబుద్ధి కాకపోయేది. నువ్వు మన్ను తెచ్చినవ్, బొడ్రాయి నిలవడ్డది. ఇగ అదే జూసుకుంటదని ఇంట్ల కూసున్న. ఈ నెల రోజులు నిద్ర వట్టింది రా నాకు.”

రాకేశ్ తల దించుకున్నాడు.

“నీకు బరువైంది. తెచ్చి నా ముందట దించినవ్. మంచిదే, నీ పాణం అల్కగైంది. మరి నేను ఎవ్వల ముందట దించాలె? రమకు జెప్పాల్నా? ఊరికి జెప్పి గద్దె తవ్విపియ్యాల్నా?”

వాడు ఇంత దూరం ఆలోచించలేదు. నిజం చెబితే తప్పు తీరిపోతుందని, కొత్త మన్ను ఇస్తే పాతది సరిపోతుందని లెక్కగట్టాడు గానీ, ఆ నిజాన్ని ఆమె ఎక్కడ పెట్టుకుంటుందన్నది వాడి తలలోకే రాలేదు. నెల రోజులుగా తన నొప్పే చూసుకున్నాడు. తన నొప్పి పోగొట్టుకోవడానికి మళ్ళీ ఆమె ఇంటికే వచ్చాడు. క్షమించు పెద్దవ్వా అన్నాడు. ఆమె ఆ మాట విన్నదో లేదో తెలియలేదు. సంచీ తీసుకుని లోపలికి పోయి, కొడుకు ఫొటో పక్కన గూట్లో పెట్టి, ముఖం కడుక్కుని బయటికి వచ్చింది. “ఎవ్వలకు జెప్పకు ఇగ,” అంది. చెప్పులు తొడుక్కుని రోడ్డు వైపు నడిచింది. బడిబస్సు రావడానికి ఇంకా చాలా టైముంది.

రెండు రోజులకు రాకేశ్ బయల్దేరాడు. హైదరాబాద్ విమానాశ్రయానికి కారు మాట్లాడారు. లస్మవ్వ బొడ్రాయికి కొబ్బరికాయ కొట్టించి, కొడుకు నుదుట పసుపు పెట్టి ఎక్కించింది. పర్శరాములు భుజం తట్టాడు. కారు కాలనీ దాటి పెద్ద రోడ్డు ఎక్కేచోట లింగవ్వ నిలబడి ఉంది. సృజన మణికట్టు గట్టిగా పట్టుకుని, అటు చూసి ఇటు చూసి మళ్ళీ అటు చూస్తోంది. పిల్ల మెడలో ఆ రాగి తాయెత్తే ఉంది. లోపల ఏ మన్ను ఉందో వాడికి తెలియదు. రాకేశ్ కిటికీలోనుంచి చెయ్యి ఎత్తాడు. ఆమె చూపు రోడ్డు మీదినుంచి కదల్లేదు.

డ్రైవర్ హారన్ కొట్టాడు. లింగవ్వ ఉలిక్కిపడి పిల్లను వెనక్కి లాగింది. రాకేశ్‌కు ఇప్పుడు రెండు చెవులూ బాగానే పనిచేస్తున్నాయి. ఆగు బిడ్డా, ఆగు అని ఆమె అంటున్న మాట, కారు దాటిపోయి చాలాసేపైనా వినిపిస్తూనే ఉంది.